ఫెయిర్‌వేలు రెట్టింపయ్యాయి, స్కోరు మాత్రం కదల్లేదు: డ్రైవర్ మానేయడమే దారా?

హైదరాబాద్ నుంచి 46 ఏళ్ల పాఠకుడొకరు రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆయన గోల్ఫ్ మొదలుపెట్టి నాలుగేళ్లయింది. హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని బట్టి ఇచ్చే అదనపు స్ట్రోకులు) 20 దగ్గర ఆగిపోయింది. ప్రతి ఆదివారం పొద్దున్నే ఇద్దరిద్దరు జోడీలుగా ఫోర్‌బాల్ ఆడతారు. కుడిచేతి ఆట. డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు) 210 గజాలు వెళ్తుంది కానీ బంతి కుడికి వంగుతుంది, మామూలు స్లైస్. జట్టులో 61 ఏళ్ల పెద్దాయన ఒకరున్నారు, వరసకు బావగారు. ఆయన 5-వుడ్‌తో 170 గజాలు తిన్నగా కొట్టి 88తో ఇంటికెళ్తారు. "ఫెయిర్‌వేలో ఉంచు, మిగతాది అదే వస్తుంది" అన్నది ఆయన మాట. ఫెయిర్‌వే అంటే గడ్డి పొట్టిగా కత్తిరించిన మధ్య దారి. ఆ మాట పట్టుకుని మన పాఠకుడు ఏప్రిల్‌లో డ్రైవర్‌ను బ్యాగులోంచి తీసేసి, టీ (హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు) మీద 5-ఐరన్ ఆడటం మొదలుపెట్టారు. 14 ఫెయిర్‌వేలకు నాలుగో ఐదో దొరికేవి కాస్తా తొమ్మిది, పది అయ్యాయి. స్కోరు మాత్రం అదే. మార్చిలో డ్రైవర్‌తో 97, 95. మేలో ఐరన్‌తో 96, 97. "తిన్నగా కొట్టినా తగ్గకపోతే ఇంక దేనికి తగ్గుతుంది? ఇంటికెళ్లేసరికి నా ముఖం చూసే మా ఆవిడ స్కోరు చెప్పేస్తోంది. డ్రైవర్ మళ్లీ పట్టుకోవాలా, అమ్మేయాలా?" అని అడుగుతున్నారు. ఏ హోల్‌లో టీ షాట్ ఎక్కడ ఆగిందో రాసి, నాలుగు రౌండ్ల కార్డులూ జతచేశారు.

జవాబు:

ఆ కార్డులు పంపి చాలా మంచి పని చేశారు. మీ ప్రశ్నకు సగం జవాబు వాటిలోనే ఉంది.

ముందు మార్చి కార్డులు చూద్దాం. రెండు రౌండ్లలో పార్-3లు (మూడు స్ట్రోకుల్లో పూర్తిచేయాల్సిన చిన్న హోల్స్) పోను 28 టీ షాట్లు. తొమ్మిది ఫెయిర్‌వేలో పడ్డాయి. ఆ తొమ్మిది హోల్స్‌లో మీరు పార్ మీద 9 స్ట్రోకులు ఎక్కువ తీసుకున్నారు. పన్నెండు బంతులు రఫ్‌లో (పక్కనున్న పొడుగు గడ్డిలో) ఆగాయి, గ్రీన్‌కి (గుంట ఉన్న చోటికి) అడ్డేమీ లేదు. అక్కడ పార్ మీద 13. మిగిలినవి ఏడు. వాటిలో మూడు ఓబీ (కోర్సు హద్దు బయట), ఒకటి నీళ్లలో, మూడు చెట్ల కింద. ఈ ఏడు హోల్స్‌లోనే పార్ మీద 21 పోయాయి.

ఇప్పుడు ఫెయిర్‌వే తొమ్మిదినీ రఫ్ పన్నెండునీ పక్కపక్కన పెట్టండి. ఒకచోట హోల్‌కి సరిగ్గా ఒక స్ట్రోకు ఎక్కువ, ఇంకోచోట ఒకటీ చిల్లర. పదో వంతు స్ట్రోకు తేడా కూడా లేదు. చెట్లూ గోడలూ నీళ్లూ పాలైన ఏడింటిలో మాత్రం హోల్‌కి మూడు చొప్పున పోయింది. ఫెయిర్‌వే తప్పినందుకు మీరు స్ట్రోకులు పోగొట్టుకోలేదు, బంతి ఆటలోంచే పోయినందుకు పోగొట్టుకున్నారు. ఈ రెండింటినీ కార్డు మీద ఒకే గడిలో "మిస్" అని రాసుకోవడం దగ్గరే లెక్క తప్పింది.

మే కార్డుల్లోనూ 28 టీ షాట్లే. పంతొమ్మిది ఫెయిర్‌వేలో, పెనాల్టీ ఒక్కటీ లేదు. అయినా ఆ 28 హోల్స్‌లో పార్ మీద 43. మార్చి మొత్తం కూడా కూడి చూసుకోండి: 9, 13, 21 కలిపితే 43. మేలో ఫెయిర్‌వే దొరికిన పంతొమ్మిది హోల్స్‌లోనే పార్ మీద 27 తీసుకున్నారు, అంటే హోల్‌కి దాదాపు ఒకటిన్నర. ఐరన్‌తో ఫెయిర్‌వేలో ఉన్నప్పటి కంటే డ్రైవర్‌తో రఫ్‌లో ఉన్నప్పుడే మీ ఆట బాగుంది.

కారణం దూరమే. 370 గజాల పార్-4 తీసుకోండి. డ్రైవర్ తర్వాత 160 మిగులుతుంది, అది మీ 5-ఐరన్ దూరం. గ్రీన్ మీద పడకపోయినా చుట్టుపక్కలే ఉంటుంది. టీ మీదే 5-ఐరన్ కొడితే మిగిలేది 210. మీ బ్యాగులో నేల మీంచి 210 వెళ్లే క్లబ్బు లేదు. ఇంకో 160 కొట్టి, 50 గజాల పిచ్ వేసి, రెండు పట్లు (గ్రీన్ మీద దొర్లించే షాట్లు) పెడితే బోగీ, అంటే పార్ కంటే ఒకటి ఎక్కువ. అన్నీ కుదిరితేనే బోగీ. ఏ ఒక్కటి తప్పినా డబుల్. టీ షాట్ తిన్నగా వెళ్లిందన్న తృప్తి రెండో షాట్ దగ్గరికి వెళ్లేసరికే ఖర్చయిపోతోంది.

ఇంకో సంగతి. ఐరన్‌తో ఫెయిర్‌వేలు పెరగడానికి మీ స్వింగ్ బాగుపడటమే కారణమనుకోకండి. బంతి 5 డిగ్రీలు పక్కకు వెళ్లిందనుకుందాం. 160 గజాల దగ్గర అది 14 గజాలు తప్పుతుంది. 210 దగ్గర 18 గజాలు. ఫెయిర్‌వే 30 గజాల వెడల్పుంటే మధ్య నుంచి అంచుకు 15. తప్పు రెండింటిలోనూ ఒకటే, అయినా ఒక బంతికి ఫెయిర్‌వే గడిలో టిక్కు పడుతుంది, రెండోది మూడు గజాల తేడాతో మిస్సవుతుంది. దీనికి స్లైస్ తోడవుతుంది. లాఫ్ట్ (క్లబ్బు ముఖం వెనక్కి వాలిన కోణం) తక్కువున్న క్లబ్బుతో ఫేస్, అంటే ఆ ముఖం, అంతే తెరుచుకున్నా బంతి ఎక్కువ వంగుతుంది.

ప్రొఫెషనల్ ఆటలో రెండు వైపులా సాక్ష్యాలున్నాయి. కాల్విన్ పీట్ చిన్నప్పుడు విరిగిన మోచెయ్యి పూర్తిగా చాపలేకపోయినా 1981 నుంచి 1990 దాకా వరసగా పదేళ్లు పీజీఏ టూర్‌లో డ్రైవింగ్ కచ్చితత్వంలో మొదటి స్థానంలో ఉన్నాడు, మొత్తం 12 టైటిళ్లు గెలిచాడు. బ్రైసన్ డిషాంబో 2020లో వింగ్డ్ ఫుట్ కోర్సులో యూఎస్ ఓపెన్ గెలిచినప్పుడు నాలుగు రోజుల్లో 56 ఫెయిర్‌వేలకు దొరికినవి 23. కాకపోతే డిషాంబోను చూసి ధైర్యం తెచ్చుకోకండి. రఫ్‌లోంచి ఆయన చేతిలో ఉండేది తక్కువ దూరానికి వాడే వెడ్జో 9-ఐరనో. మీ చేతిలో 5-ఐరన్ ఉంటుంది.

అదే వింగ్డ్ ఫుట్‌లో 2006 యూఎస్ ఓపెన్ ఆఖరి రోజు ఫిల్ మికెల్సన్ 14 ఫెయిర్‌వేలకు రెండే పట్టుకున్నాడు. అయినా 18వ టీ మీదికి ఒక స్ట్రోకు ఆధిక్యంతోనే వచ్చాడు. డ్రైవర్ ఎడమకు పోయి గుడారాలకు తగిలింది. అప్పటికీ పోయిందేమీ లేదు, పక్కకు తీసుకుని బోగీ చేసినా ప్లేఆఫ్ ఉండేది. చెట్ల మీదుగా గ్రీన్‌కి కొట్టబోతే బంతి చెట్టుకు తగిలింది. డబుల్ బోగీ అయింది, టైటిల్ పోయింది.

మీ మార్చి కార్డులో 14వ హోల్ దీనికి తోబుట్టువే. పార్-4, స్కోరు 8. మీరు రాసిన ప్రకారం డ్రైవ్ కుడికి పోయి వేపచెట్ల కింద ఆగింది. రెండో షాట్ రెండు మొదళ్ల మధ్య సందులోంచి తీయబోతే మొదలుకు తగిలి వెనక్కొచ్చింది. మూడోది బండకు తగిలింది. నాలుగో దాంతో బయటపడ్డారు. ఐదోది బంకర్, ఆరోది గ్రీన్, రెండు పట్లు. రెండో షాట్‌నే 8-ఐరన్‌తో అడ్డంగా ఫెయిర్‌వేలోకి తోసి ఉంటే మూడోది గ్రీన్ పక్కన, నాలుగోది చిప్, రెండు పట్లు. ఆరు. రెండు స్ట్రోకులు మిగిలేవి, అదీ డ్రైవ్‌ను రవ్వంత కూడా బాగుచేసుకోకుండా. మూడు చెట్ల హోల్స్‌లో రెండింట్లో మీరు సందులోంచే ప్రయత్నించారు. ఆ సందులోంచి పదిసార్లు కొడితే ఎన్నిసార్లు బయటపడతారో మీ బ్యాగు మోసే క్యాడీని అడగండి. మీ ఆట మీకంటే ఆయనకే బాగా తెలుసు.

ఇక మీ ముందున్న దారులు. ఒకటి రెండోదానికి అడ్డం కాదు, కానీ ఒక్కోదానికి ఒక్కో ఖర్చుంది.

మొదటిది, డ్రైవర్ మళ్లీ తీసి గురి మార్చుకోవడం. మీకు కలిసొచ్చే సంగతి కార్డులోనే ఉంది. చెడిపోయిన ఏడింట్లో ఆరు కుడివైపే. తప్పు ఒకే వైపు జరిగేవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోగలరు. రేంజ్‌లో ఒక గురి పెట్టుకుని డ్రైవర్‌తో 20 బంతులు కొట్టండి. వరసగా బాదకుండా, కోర్సులో ఆడినట్టు ప్రతిదానికీ వెనక్కొచ్చి మళ్లీ నిలబడి కొట్టండి. ప్రతి బంతి గురికి ఎంత ఎడమ, ఎంత కుడి అని చీటీ మీద రాయండి. ఎడమకు 10 గజాల నుంచి కుడికి 40 దాకా పడ్డాయనుకుందాం. మీ పరుపు, అంటే బంతులు పరుచుకునే వెడల్పు, 50 గజాలు, దాని నడుమ గురికి 15 గజాలు కుడిన ఉంది. అంటే కోర్సులో మీరు చూడాల్సింది ఫెయిర్‌వే మధ్యకు 15 గజాలు ఎడమకు, సుమారుగా ఎడమ అంచుకు. అప్పుడు బంతులు మధ్యకు అటు 25, ఇటు 25లో పడతాయి. కుడివైపు తెల్ల కర్రలు (ఓబీ హద్దు) 30 గజాల్లో ఉంటే, ఇన్నాళ్లూ దాటిన బంతులు ఇప్పుడు లోపలే ఆగుతాయి. అదే స్వింగ్, అదే స్లైస్.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటొకటి ఉంది. గురి ఎడమకు అనగానే భుజాలు ఇంకా ఎడమకు తెరిచి నిలబడతారు. దాంతో క్లబ్బు బయటి నుంచి లోపలికి ఇంకా అడ్డంగా వస్తుంది, స్లైస్ పెరుగుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. అందుకే టీ బాక్స్ కుడి చివర టీ పెట్టండి, అక్కడి నుంచి ఎడమ అంచు సహజంగానే ఎదురుగా కనిపిస్తుంది. మార్కర్ల వెనక రెండు క్లబ్బుల పొడవు దాకా ఎక్కడైనా పెట్టుకోవచ్చు కాబట్టి చదునైన చోటు చూసుకోండి. బంతికి ఒక అడుగు ముందు గురి గీత మీద ఏదో ఒక గడ్డిపోచను ఎంచుకుని, ఫేస్‌ను, పాదాలను, భుజాలను దానికే సరిచూసుకోండి.

రెండోది, స్లైస్‌నే బాగుచేసుకోవడం. బంతి బయల్దేరే దిక్కు ఎక్కువగా ఫేస్ చెబుతుంది. వంపు మాత్రం ఫేస్‌కీ క్లబ్బు వచ్చే దారికీ మధ్య తేడా వల్ల వస్తుంది. కోచ్ దగ్గరికి వెళ్లే ముందు ఖర్చులేనివి మూడు చూసుకోండి. డ్రైవర్ ఫేస్ మీద ఫుట్ పౌడర్ స్ప్రే కొట్టి పది బంతులు ఆడండి, గుర్తులు హీల్ (కర్ర దగ్గరి అంచు) వైపు పడుతుంటే స్లైస్‌లో కొంత అక్కడి నుంచే వస్తోంది. ఎడమచేతి పట్టులో పైనుంచి చూస్తే రెండు మూడు కణుపులు కనిపించాలి, ఒక్కటే కనిపిస్తే ఫేస్ తెరుచుకునే ఉంటుంది. బంతి ఎడమ మడమకు ఎదురుగా ఉండాలి, టీ ఎత్తు బంతిలో సగం డ్రైవర్ తల పైఅంచు దాటేలా ఉండాలి. మీ డ్రైవర్‌కు లాఫ్ట్ మార్చుకునే స్లీవ్ ఉంటే ఒక డిగ్రీ పెంచి చూడండి, ఫేస్ కొద్దిగా మూసుకుంటుంది కూడా. పట్టు ఒక అంగుళం కిందికి జరిపితే కొన్ని గజాలు పోవచ్చు గానీ ఫేస్ మధ్యలో తగలడం పెరుగుతుంది.

కోచ్‌తో దారి మార్చుకోవడం మొదలుపెడితే మాత్రం ఓపిక కావాలి. మధ్యలో కొన్ని వారాలు బంతి కుడికీ పోతుంది, ఎడమకీ పోతుంది. పైన చెప్పిన గురి లెక్క అప్పుడు పనిచేయదు, స్కోరు పెరుగుతుంది. నెలలో క్లబ్ మెడల్ (మొత్తం స్ట్రోకులు లెక్కించే పోటీ) ఉందంటే ఆ తర్వాతే మొదలుపెట్టడం మేలు.

మూడోది, కొన్ని హోల్స్‌లోనే చిన్న క్లబ్బు. 5-ఐరన్ కాదు, 175 వెళ్తుందని మీరు రాసిన హైబ్రిడ్ (ఐరన్‌కీ వుడ్‌కీ మధ్య రకం క్లబ్బు). ఇంట్లో స్కోర్‌కార్డు ముందు పెట్టుకుని, డ్రైవర్ పడే 180 నుంచి 230 గజాల మధ్య ఏముందో హోల్ హోల్‌కీ గుర్తుచేసుకోండి. రెండు వైపులా పెనాల్టీ ఉండి, మధ్య జాగా మీ పరుపు కంటే ఇరుకైతే హైబ్రిడ్. ఒకవైపే ఉంటే డ్రైవర్, పరుపు మొత్తం రెండోవైపు జరిగేలా. ఏ వైపూ లేకపోతే డ్రైవర్, రఫ్ గురించి ఆలోచించొద్దు. లెక్క సులువే. ఓబీ అంటే రెండు స్ట్రోకులు. హైబ్రిడ్‌తో పోలిస్తే డ్రైవర్‌తో పదిసార్లకు ఒక ఓబీ అదనంగా వస్తే హోల్‌కి సగటున 0.2 స్ట్రోకు పోతుంది. 35 గజాలు దగ్గరగా ఉండటం వల్ల మీకు అంతకంటే ఎక్కువ కలిసొస్తుందా అన్నదే ప్రశ్న. 400 గజాల పార్-4లో కలిసొస్తుంది. 310 గజాల హోల్‌లో రాకపోవచ్చు, అక్కడ హైబ్రిడ్ తర్వాత మిగిలేది మీ 7-ఐరనే. హైబ్రిడ్‌కి బదులు 3-వుడ్ అంటారేమో. దాని తల చిన్నది, లాఫ్ట్ 15 డిగ్రీల దగ్గరే. చాలామంది అమెచ్యూర్లకు అది డ్రైవర్ కంటే తిన్నగా ఏమీ పోదు, దూరం మాత్రం తగ్గుతుంది. దానితోనూ అదే 20 బంతుల పరీక్ష చేశాకే నమ్మండి.

నాలుగోది మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో దాటేశారు: "బావగారు సీనియర్ టీల నుంచి ఆడతారు, సుమారు 5,400 గజాలు. మేం 6,200 నుంచి." ఆయన 88కి పెద్ద కారణం అదే. 320 గజాల పార్-4లో 170 కొడితే ఆయనకు మిగిలేది 150. మీరు అదే హోల్‌ను వెనక టీ నుంచి, అంటే సుమారు 360 గజాల నుంచి, ఐరన్‌తో ఆడితే 200 మిగులుతుంది. ఆయన తిన్నదనం నిజమే, కానీ అది ఆయన ఆడే కోర్సు పొడవుకు సరిపోతోంది. మీరు ఆయన ఆట తీరు అరువు తెచ్చుకున్నారు, ఆయన టీలు తెచ్చుకోలేదు.

అమెరికాలో 2011లో మొదలైన 'టీ ఇట్ ఫార్వర్డ్' సూచనల ప్రకారం డ్రైవర్ సగటు 200 గజాలైతే 5,200-5,400 గజాల కోర్సు, 225 అయితే 5,800-6,000. మీ 210 బాగా తగిలినప్పటిది, సగటు ఇంకా తక్కువే ఉంటుంది. 5-ఐరన్ దూరాన్ని 36తో గుణించే పాత లెక్క తీసుకున్నా మీకు 5,760 వస్తుంది. మీ కోర్సులో 5,600-5,700 టీలుంటే అవే మీవి. దీనికి అయ్యే ఖర్చు స్నేహితుల ఎగతాళి ఒకటి, కోర్స్ హ్యాండిక్యాప్ తగ్గడం రెండోది. ముందు టీలకు రేటింగ్ (కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) తక్కువ కాబట్టి మీకొచ్చే స్ట్రోకులూ తగ్గుతాయి. వేర్వేరు టీల నుంచి ఆడేవాళ్లు ఒకే పందెంలో ఉండటానికి హ్యాండిక్యాప్ పద్ధతిలో లెక్క ఉంది, అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

కాలం కూడా చూసుకోండి. మీ డ్రైవర్ కార్డులు మార్చివి. అప్పుడు మన దగ్గర రఫ్ పలచగా ఉంటుంది, నేల గట్టిగా ఉండి బంతి దొర్లుతుంది. జులై తర్వాత అదే గడ్డి ఏపుగా పెరిగి తడిసి ఉంటే బంతి అడుగుకు దిగిపోతుంది, 5-ఐరన్‌తో తీయబోతే హోసెల్‌కు (క్లబ్బు తల కర్రతో కలిసే చోటుకు) గడ్డి చుట్టుకుని ఫేస్ మూసుకుంటుంది. అప్పుడు రఫ్ పదో వంతు స్ట్రోకుతో వదలదు. అలాంటి రఫ్‌లోంచి 160కి 5-ఐరన్ కాకుండా హైబ్రిడ్‌నో, లేదంటే 8-ఐరన్‌తో ముందుకు తోసి వెడ్జ్ దూరం మిగుల్చుకోవడాన్నో ఎంచుకోండి. పైగా 28 షాట్లు తక్కువ లెక్కే. వానాకాలంలో ఇంకో రెండు మూడు కార్డులు రాశాక ఈ అంకెలు కొంత మారతాయి.

ఏ ఆట ఆడుతున్నారన్నది కూడా ముఖ్యమే. ఆదివారం స్టేబుల్‌ఫోర్డ్ (హోల్ హోల్‌కీ పాయింట్లిచ్చే పద్ధతి) అయితే ఓబీ హోల్‌లో పోయేది ఆ ఒక్క హోల్ పాయింట్లే, డ్రైవర్ ధైర్యంగా తీయొచ్చు. ఫోర్‌బాల్‌లో జోడీ బంతి ముందే క్షేమంగా ఉంటే ఇంకా ధైర్యంగా. మెడల్ రౌండ్‌లో ప్రతి స్ట్రోకూ లెక్కే కాబట్టి అనుమానం ఉన్న రెండు మూడు హోల్స్‌లో హైబ్రిడ్ వైపు మొగ్గండి.

నియమాల్లో కూడా మీకు స్ట్రోకులు కాకపోయినా ప్రశాంతత దొరుకుతుంది. బంతి ఓబీ అనిపించినా, పెనాల్టీ ఏరియా (నీళ్ల లాంటివి ఉన్న, గుర్తులు పెట్టిన చోటు) బయట దొరకదనిపించినా, వెతకడానికి ముందుకు కదలకముందే 'ప్రొవిజనల్' అని ఆ మాట వినపడేలా చెప్పి రెండో బంతి ఆడండి. వెతకడానికి ఉన్నది మూడు నిమిషాలే. 2019 నుంచి క్లబ్బులు ఓ లోకల్ రూల్ పెట్టుకోవచ్చు. దాని ప్రకారం టీ దగ్గరికి వెనక్కెళ్లకుండా, బంతి పోయిన చోటికి సూటిగా ఫెయిర్‌వే అంచులో రెండు పెనాల్టీ స్ట్రోకులతో డ్రాప్ తీసుకుని నాలుగో షాట్ ఆడొచ్చు. మీ క్లబ్బులో అది అమల్లో ఉందో లేదో కెప్టెన్‌ను అడగండి. టీ మీద ఒక ఓబీ కొట్టి అదే చోట, అదే కోపంతో రెండోది కొట్టే పరిస్థితి తప్పుతుంది.

ఇదంతా చేస్తే ఎంత తగ్గొచ్చంటారా? మార్చిలో చెడిన ఏడింట్లో నాలుగు మామూలు రఫ్ హోల్స్‌లా, అంటే పార్ మీద ఒకటితో పూర్తయి ఉంటే రెండు రౌండ్లకు 8 స్ట్రోకులు, రౌండ్‌కి 4. 97, 95 అనేవి 93, 91 దగ్గర ఉండేవి. ఫెయిర్‌వేలు అవే తొమ్మిది. టీలు మార్చుకుంటే ఇంకా తగ్గుతుంది, కాకపోతే అది హ్యాండిక్యాప్‌లో కలిసిపోతుంది.

డ్రైవర్ అమ్మే ఆలోచన వానాకాలం అయ్యేదాకా వాయిదా వేయండి. వచ్చే ఆదివారం కార్డు మీద ఫెయిర్‌వే గడిలో టిక్కులు మానేసి మూడు అక్షరాల్లో ఒకటి రాయండి: గ్రీన్ వైపు స్వింగ్ చేయగలిగితే 'గ్రీ', పక్కకు తోయాల్సి వస్తే 'ప', పెనాల్టీ పడితే 'పె'. ఏ క్లబ్బో పక్కన రాయండి. 14వ హోల్‌లో మళ్లీ వేపచెట్ల కిందికే వెళ్తే, ఆ సందు వైపు చూడకముందే క్యాడీ చేతిలోంచి 8-ఐరన్ తీసుకోండి. ఐదు రౌండ్ల తర్వాత ఆ కార్డులు మళ్లీ పంపండి, 'ప'లు, 'పె'లు ఏ హోల్స్ దగ్గర పోగవుతున్నాయో చూసి అక్కడి నుంచి మాట్లాడుకుందాం.